బడిలో ఆన్‌లైన్ టూల్స్, దూరం నుంచి పాఠాలు: టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో, టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో, పేరెంట్స్ మీటింగుల్లో ఇవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఎక్కువగా గవర్నమెంట్ బడులను దృష్టిలో పెట్టుకుని రాసినవే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

మా బడిలో నెట్ సరిగ్గా రాదు సార్, మరి డిజిటల్ క్లాసులు ఎలా చెప్పమంటారు?

మీ బడి ఒక్కటే కాదు, కేంద్ర విద్యాశాఖ తీసే బడుల లెక్కలు, అదే 2023-24 యూడైస్ ప్లస్ ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతమే, అంటే దాదాపు సగం బడుల్లో ఇదే పరిస్థితి. కాబట్టి క్లాసు జరిగే టైమ్‌లో నెట్ ఉంటుందనే ఆశ పెట్టుకోకుండానే ప్లాన్ చేసుకోండి. ముందురోజు రాత్రి ఇంట్లోనో, సిగ్నల్ బాగా వచ్చే చోటో కావలసినవి దింపుకుని పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో తెచ్చుకుంటే సరిపోతుంది. ప్రభుత్వం వాళ్ళ ఉచిత దీక్ష యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండా ఆడతాయి. ఫెట్ అనే సైట్‌లోని సైన్స్ సిమ్యులేషన్లు (తెర మీద చేసి చూసే ప్రయోగాలు) కూడా ఒక్కొక్కటి ఒక్క ఫైలుగా దిగుతాయి, ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటాయి. యూట్యూబ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసినవి మాత్రం కొన్ని రెండ్రోజులకే మళ్ళీ నెట్ అడుగుతాయి, అందుకని క్లాసు ఉన్న రోజు పొద్దున్న ఒకసారి తెరిచి చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద ఫైలు కాపీ కావట్లేదంటే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి, కానీ ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వేరే చోట దాచుకోండి, క్లాసులోని ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) ఎక్స్‌ఫ్యాట్‌ని చదువుతుందో లేదో కూడా చూసుకోండి.

కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బడికైతే కోలిబ్రి అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్క కంప్యూటర్‌లో వేసి పాఠాలన్నీ ఒకసారి నింపుకుంటే మిగతా కంప్యూటర్లు, ట్యాబులు బడిలోని వైఫై మీదే దాన్ని వాడుకుంటాయి, బయటి నెట్‌తో పని లేదు.

ప్యానెల్ లేదు, ప్రొజెక్టర్ లేదు, నా ఫోన్ ఒక్కటే ఉంది. దాంతో ఏమన్నా చెయ్యొచ్చా మేడం?

చాలా చెయ్యొచ్చు. అన్నిటికన్నా ముందు ప్లికర్స్ అనే క్విజ్ యాప్ ట్రై చెయ్యండి. పిల్లల దగ్గర ఏ పరికరమూ అక్కర్లేదు, నెట్‌లో ఉన్న కార్డులు ప్రింట్ తీసి తలా ఒకటి ఇస్తే చాలు. ఒక్కో కార్డు మీద ఒక్కో రకం నలుపు గుర్తు ఉంటుంది, దానికి నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలు ఉంటాయి. మీరు ప్రశ్న బోర్డు మీద రాస్తారు, పిల్లలు తాము అనుకున్న జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు, మీరు ఫోన్ కెమెరాని క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబు ఇచ్చారో పేర్లతో సహా వచ్చేస్తుంది. నాకు దీంట్లో బాగా నచ్చేది ఏంటంటే పక్కవాడి జవాబు పక్కవాడికి తెలీదు, ఎప్పుడూ చెయ్యెత్తని వెనక బెంచీ పిల్లలు కూడా కార్డు మాత్రం తప్పకుండా ఎత్తుతారు.

ఇంకోటి, ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంటే ఇంగ్లీషు, హిందీ పాఠాలకి ఆడియో వినిపించొచ్చు. వీడియో చూపించాలంటే మాత్రం యాభై మందికి ఒకేసారి ఫోన్ స్క్రీన్ చూపించకండి, ఎవరికీ కనపడదు, గొడవ తప్ప ఏం మిగలదు. మిగతావాళ్ళకి లెక్కలు ఇచ్చి ఆరుగురు ఆరుగురుగా పిలవండి.

ఏ యాప్ మంచిది? లిస్ట్ వద్దు, ఒక్కటి చెప్పండి చాలు.

సబ్జెక్టుని బట్టి ఉంటుందండి. ఏ సబ్జెక్టుకైనా మొదట దీక్ష చూడండి, 2017లో మొదలైంది, మన పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిందే వస్తుంది, వెతుక్కునే పని తప్పుతుంది. ఫిజికల్ సైన్స్‌కి ఫెట్, ఇది అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళది, కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి. జామెట్రీకి, గ్రాఫులకి జియోజీబ్రా. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ప్రయోగాలకి ఓల్యాబ్స్, ఇది అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి చేసింది. ప్రైమరీ పిల్లలకి చదవడం అలవాటు చెయ్యాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్, తెలుగు కథలు లెవెల్స్ వారీగా ఉచితంగా ఉంటాయి, ప్రింట్ కూడా తీసుకోవచ్చు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఏడాదికి రెండు టూల్స్ తీసుకుని వాటి మీద చెయ్యి తిరిగేదాకా వాడితే పిల్లలకి కూడా అలవాటవుతుంది.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా, లేక నాలుగు రోజుల మోజేనా?

మోజు అయితే ఇన్నేళ్ళు నిలవదు కదా. దూరం నుంచి పాఠం చెప్పడం మన ప్రాంతానికి కొత్త కాదు, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా సైట్ అనే ప్రయోగం జరిగింది, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు, వాటిల్లో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి, తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి, పొద్దున పూట బడి పిల్లల కోసం ప్రత్యేకంగా ప్రసారం చేసేవాళ్ళు. తర్వాత 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది, చదువు కోసమే పంపిన ఉపగ్రహం అది.

పనిచేస్తుందా అంటే ఎలా వాడారన్న దాని మీదే ఉంది. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకి పెద్ద ఎత్తున ల్యాప్‌టాపులు పంచారు, 2012లో వచ్చిన అధ్యయనంలో చూస్తే లెక్కల్లో, భాషలో పిల్లలకి మెరుగుదల ఏమీ కనపడలేదు. అదే ఢిల్లీలో ఒక సాఫ్ట్‌వేర్‌ని బడి అయ్యాక సెంటర్లలో వాడించి చూస్తే నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో మంచి తేడా వచ్చింది, ఆ పరిశోధన 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. తేడా ఎక్కడుందంటే ఢిల్లీలో ఆ సాఫ్ట్‌వేర్ పిల్లాడు ఏ తరగతిలో కూర్చున్నాడని చూడలేదు, నిజంగా ఏ స్థాయిలో ఉన్నాడో చూసి అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. ఏడో తరగతి పిల్లాడికి భాగహారం రాకపోతే భాగహారమే నేర్పింది. దాంతోపాటు రోజూ కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపు చిన్న గ్రూపుల్లో ఒక మనిషి దగ్గర కూర్చుని చెప్పించుకున్నారు కూడా. నేను గట్టిగా నమ్మేది ఇదే, ఎంత ఖరీదైన పరికరం వచ్చినా పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో చూసే టీచర్ పక్కన లేకపోతే అది ఒట్టి స్క్రీనే.

## క్లాసులో వాడేటప్పుడు

వీడియో వేస్తే నోరు తెరుచుకుని చూస్తారు, అయిపోయాక అడిగితే ఒక్కరూ ఏం చెప్పరు. ఎందుకిలా?

చూడటం వేరు ఆలోచించడం వేరు కాబట్టి. ఇరవై నిమిషాల వీడియో మొత్తం ఆపకుండా వేస్తే అది వాళ్ళకి సినిమాలాంటిదే. ఐదు నుంచి ఏడు నిమిషాల ముక్క చాలు, అందులోనూ మధ్యలో రెండుసార్లు ఆపండి, ఆపిన ప్రతిసారీ "తర్వాత ఏమవుతుంది?" అని అడిగి నోట్‌బుక్‌లో రాయించండి, రాశాకే ముందుకి కదలండి. తప్పు రాసినా పర్లేదు, రాసినవాడికి జవాబు చూడాలనే ఆత్రం ఉంటుంది, అక్కడే పాఠం ఎక్కుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. విద్యుత్ పాఠానికి ఫెట్‌లో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ తెరిచి ఒక బ్యాటరీ, ఒక బల్బు పెట్టండి, వెలుగుతుంది. ఇప్పుడు అదే తీగలో వరుసగా ఇంకో బల్బు పెడితే వెలుగు పెరుగుతుందా తగ్గుతుందా అని అడగండి, చాలామంది మొదటి బల్బు బాగా వెలుగుతుంది, రెండోదానికి కరెంటు తక్కువ వస్తుంది అంటారు, ఎందుకంటే మొదటి బల్బు కరెంటుని వాడేసుకుంటుందని వాళ్ళ నమ్మకం. పెట్టి చూపిస్తే రెండూ ఒకేలా మసకబారతాయి. అప్పుడు సమాంతరంగా కలపండి, రెండూ పూర్తి వెలుగుతో ఉంటాయి, ఒకటి తీసేసినా రెండోది ఆరదు. ఇంట్లో ఒక గదిలో లైటు ఆపితే పక్క గదిలో ఎందుకు ఆరదో అడగండి, ఈసారి చెప్పేస్తారు. దీనికంతా పదిహేను నిమిషాలు పడుతుంది. నిజం బల్బులు, బ్యాటరీలు బడిలో ఉంటే మాత్రం సిమ్యులేషన్ అయ్యాక వాటితో కూడా చేయించండి, తీగ చేత్తో పట్టుకుని కలిపిన పిల్ల ఆ పాఠం మర్చిపోదు.

ప్యానెల్ వచ్చింది కదా, ఇంక బోర్డు మీద రాయడం మానేయొచ్చా?

వద్దండి. లెక్క చేసేటప్పుడు ఒక్కో మెట్టు మీ చేత్తో మెల్లగా రాస్తుంటేనే పిల్లలు మీతోపాటు రాసుకుంటారు, స్లైడ్ మీద మొత్తం ఒకేసారి వచ్చేస్తే కాపీ కొట్టడమే మిగులుతుంది. ప్యానెల్‌లో వైట్‌బోర్డు ఉంటుంది, దానిమీద రాసి పీడీఎఫ్‌గా దాచుకుంటే ఆరోజు రాని పిల్లలకి పంపడానికి పనికొస్తుంది, ఆ సౌకర్యం తప్పకుండా వాడండి. నల్లబల్ల మాత్రం పక్కనే ఉండనివ్వండి, ముఖ్యమైన పదాలు, బొమ్మలు పీరియడ్ అయ్యేదాకా దానిమీద చెరగకుండా ఉండాలి.

వీడియోలన్నీ ఫాస్ట్ ఇంగ్లీషులో ఉంటున్నాయి, మా పిల్లలకి అర్థం కావట్లేదు, ఏం చెయ్యాలి?

సౌండ్ ఆపేసి మీరే చెప్పండి. నిజంగా ఇంతకన్నా మంచి ఉపాయం నేను చూడలేదు. బొమ్మ కదులుతుంటుంది, మాట మీది, ఎక్కడ ఆపాలో మీ చేతిలో ఉంటుంది, ఇంగ్లీషు పదం ఒకసారి చెప్పి తెలుగులో విడమరిచి మళ్ళీ ఇంగ్లీషు పదంతో ముగించొచ్చు. రెండో రోజు అదే ముక్కని సౌండ్‌తో వేస్తే అర్థం ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీషు చెవికి పట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చింది కూడా ఈ ఇబ్బంది కోసమే కదా, వీడియో వేసేముందు ఆ తెలుగు పేజీ ఒకసారి గట్టిగా చదివించండి.

పాఠం మధ్యలో కరెంటు పోతే?

ఆ పాఠానికి సంబంధించిన మూడు ప్రశ్నలు, ఒక బొమ్మ కాగితం మీద ఎప్పుడూ దగ్గరుంచుకోండి, కరెంటు వచ్చేదాకా వాటితో నడిపించొచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్యానెల్ వెంటనే ఆన్ చెయ్యకుండా రెండు నిమిషాలు ఆగండి, వోల్టేజ్ నిలకడగా ఉందో లేదో తెలుస్తుంది.

యూట్యూబ్‌లో యాడ్లు, పక్కన పిచ్చి వీడియోలు వస్తున్నాయి, పిల్లల ముందు ఇబ్బందిగా ఉంది.

క్లాసులో యూట్యూబ్ లైవ్‌గా తెరవకండి. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. తప్పనిసరై తెరవాల్సి వస్తే ఫుల్‌స్క్రీన్ పెట్టి ఆటోప్లే ఆఫ్ చేసి, వీడియో చివరి సెకన్ల దాకా పోకుండా ముందే ఆపండి. మీరు మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా చూడని వీడియో ఏదీ పిల్లల ముందు వెయ్యొద్దు.

## బడికి రాలేని రోజుల్లో

వానలకి వరసగా సెలవులిచ్చారు, జూమ్ పెట్టాలా గూగుల్ మీట్ పెట్టాలా?

ఉచితంగా వాడితే జూమ్‌లో మీటింగు 40 నిమిషాలకి ఆగిపోతుంది, మీట్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు, రెండింట్లోనూ వందమంది దాకా చేరొచ్చు. ఏదైనా ఒకటే. అసలు వీడియో క్లాసు అవసరమా అని ముందు ఆలోచించండి, ఎందుకంటే క్వాలిటీ ఎక్కువున్న వీడియో కాల్ గంటకి ఒక జీబీ దాకా తాగేస్తుంది, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకున్న ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే మధ్యాహ్నానికే అయిపోతుంది, ఆ వానలో సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. నాలుగైదు రోజుల సెలవులకైతే పొద్దున ఒక రెండు నిమిషాల వాయిస్ మెసేజ్, పాఠ్యపుస్తకంలో పేజీ నంబరు, ఒక ప్రశ్న, సాయంత్రం జవాబు ఫోటో, ఇంతే చాలు. పిల్లలతో మాట్లాడాలనిపిస్తే వారానికి ఒక్కసారి అరగంట వీడియో కాల్ పెట్టండి, అందులో పాఠం చెప్పకుండా వాళ్ళ డౌట్లు మాత్రమే తీసుకోండి.

క్లాసులో చాలామందికి ఫోన్ లేదు, ఉన్నా నాన్న పనికి తీసుకెళ్ళిపోతాడు. వాళ్ళ సంగతేంటి?

ప్లాన్ వాళ్ళతోనే మొదలవ్వాలి. ఫోన్ లేని పిల్లకి ఏం అందుతుందో ముందు రాసుకుని, ఉన్నవాళ్ళకి దానిమీద ఇంకొంచెం కలపండి, తిరగేసి చేస్తే లేనివాళ్ళు ఎప్పటికీ మిగిలిపోతారు. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో, 2021లో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్ళు 67.6 శాతం అని తేలింది, 2018లో అది 36.5 శాతమే, చాలా పెరిగింది, కానీ ఫోన్ ఉన్న ఇళ్ళల్లో కూడా నలుగురిలో ఒకరికి పైగా పిల్లలకి ఆ ఫోన్ చేతికి రాదని అదే సర్వే చెప్పింది. ఇంట్లో ఒక్కటే ఉంటే అది ముందు అన్నయ్య చేతికే పోతుంది, ఆడపిల్ల వంతు వచ్చేసరికి చార్జింగ్ అయిపోయి ఉంటుంది, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను, తల్లిదండ్రులతో నేరుగా మాట్లాడాల్సిన విషయం ఇది.

టీవీ ఉన్నవాళ్ళకి టీవీ చెప్పండి. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ టీవీ ఛానల్ టీ-శాట్ ద్వారానే పాఠాలు నడిపారు. కేంద్రం పీఎం ఈ-విద్య కింద తరగతికో ఛానల్ పెట్టింది, డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో నెలనెలా డబ్బు కట్టకుండానే వస్తాయి. టీవీ కూడా లేకపోతే వీధుల వారీగా నలుగురు పిల్లల్ని జట్టు చేసి, ఒక్క ఫోన్ ఉన్న ఇంటి అరుగు మీద అరగంట కూర్చోబెట్టండి, ఆ ఇంటివాళ్ళని ముందే అడిగి ఒప్పించాలి.

మామూలు కీప్యాడ్ ఫోన్‌ని తక్కువ చెయ్యకండి. బోట్స్‌వానా దేశంలో కరోనా టైమ్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వారానికోసారి ఇరవై నిమిషాల లోపే ఫోన్ చేసి, దాంతోపాటు లెక్కలు మెసేజ్‌గా పంపితే పిల్లల లెక్కల్లో స్పష్టమైన మెరుగుదల కనిపించింది, 2022లో ఆ అధ్యయనం నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో వచ్చింది. ఫోన్ చేసి "అమ్మా, స్పీకర్ ఆన్ చెయ్యండి, పాపతో ఒక లెక్క చేయిద్దాం" అంటే ఆ తల్లి కూడా పక్కన కూర్చుని వింటుంది, అదే పెద్ద లాభం.

క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో గుడ్ మార్నింగులే ఎక్కువ, హోంవర్క్ ఎక్కడుందో కనపడట్లేదు.

గ్రూప్ సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చండి. రోజుకి ఒక్క మెసేజ్, ఒకే టైమ్‌కి, మొదటి లైనులో తేదీ, సబ్జెక్టు, పేజీ నంబరు. పిల్లలు జవాబులు మీకు విడిగా పంపాలి. చదువురాని తల్లిదండ్రులు ఉంటారు కాబట్టి రాసినదాన్నే చిన్న వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి. రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ పంపకండి, మీకూ విశ్రాంతి కావాలి.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఆన్‌లైన్ క్లాసు ఎంతసేపు పెట్టొచ్చు?

2020 జూలైలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా రోజుకి 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకి మించకూడదని, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగుకి మించకూడదని ఉంది, ప్రీప్రైమరీకి 30 నిమిషాలు దాటొద్దు. నన్నడిగితే ఒకటి, రెండు తరగతులకి అంత కూడా వద్దు, ఒక కథ వాయిస్‌లో పంపి ఇంట్లో ఉన్న వస్తువుల్తో లెక్కపెట్టించమని అమ్మమ్మకో తాతయ్యకో చెప్తే చాలు.

## హోంవర్క్, పరీక్షలు

గూగుల్ ఫామ్‌లో టెస్ట్ పెడితే అందరికీ ఫుల్ మార్కులే వస్తున్నాయి, నమ్మేదెలా?

ఆ మార్కుల్ని రిజిస్టర్‌లో ఎక్కించకండి. ఇంట్లో రాసే టెస్ట్ మార్కుల కోసం కాదు, ఎవరికి ఏది రాలేదో తెలుసుకోవడం కోసం, ఈ మాట పిల్లలకి కూడా ముందే చెప్పేస్తే కాపీ కొట్టాల్సిన అవసరం తగ్గుతుంది. ఆప్షన్లు కూడా ఆలోచించి రాయండి, పిల్లలు మామూలుగా చేసే తప్పులే ఆప్షన్లుగా ఉండాలి. 1/2 + 1/3 ఎంత అని అడిగితే ఒక ఆప్షన్ 2/5 ఉండాలి, అది ఎంచుకున్నవాళ్ళు పైవి పైవి, కిందివి కిందివి కూడేస్తున్నారని మీకు వెంటనే తెలుస్తుంది. మర్నాడు క్లాసులో ఆ నలుగురిని బోర్డు దగ్గరికి పిలిచి కాగితం మడతపెట్టి చూపించొచ్చు.

పిల్లలు ఏఐతో హోంవర్క్ రాయించుకుని వస్తున్నారు, ఎలా ఆపాలి?

ఆపడం కష్టం, హోంవర్క్‌ని మార్చడం తేలిక. "నీటి కాలుష్యం గురించి వ్యాసం రాయండి" అంటే ఏఐ రాసేస్తుంది. "మీ వీధి కుళాయి ఎన్ని గంటలకి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, మీ ఇంట్లో ఎన్ని బిందెలు పడతారు, వారం రోజులు రాసి లెక్క కట్టండి" అంటే పిల్లాడే చెయ్యాలి. తెచ్చినదాని మీద రెండు ప్రశ్నలు నోటితో అడగండి, సొంతంగా చేసినవాడు చెప్పేస్తాడు.

మీరు మాత్రం ప్రశ్నాపత్రం ముసాయిదాకి ఏఐని వాడుకోవచ్చు, తప్పేం లేదు, కానీ తెలుగులో అది చాలా ధీమాగా తప్పులు రాస్తుంది, తేదీలు, పేర్లు, సాంకేతిక పదాలు పాఠ్యపుస్తకంతో సరిచూసుకోకుండా పిల్లలకి ఇవ్వొద్దు. పిల్లల పేర్లు, మార్కులు, ఫోటోలు అందులో పెట్టొద్దు.

## తల్లిదండ్రులు అడిగేవి

చదువుకుంటానని ఫోన్ తీసుకుని రీల్స్ చూస్తున్నాడండీ, ఏం చెయ్యమంటారు?

మీ అబ్బాయి ఒక్కడే కాదు. 2024 అసర్ సర్వేలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో ముందువారం ఫోన్‌ని చదువు కోసం వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. ఫోన్ ఇచ్చేముందు ఏం చూడాలో టీచర్ని అడిగి, అది డౌన్‌లోడ్ చేయించి, డేటా ఆఫ్ చేసి ఇవ్వండి. గదిలో తలుపేసుకుని కాకుండా అందరూ తిరిగే చోట కూర్చోవాలి. అరగంట అయ్యాక ఫోన్ వెనక్కి తీసుకుని "ఏం చూశావో నాకు చెప్పు నాన్నా" అని అడగండి. మీకు చదువు రాకపోయినా పర్లేదు, మీకు అర్థమయ్యేలా చెప్పడానికి వాడు పడే కష్టమే వాడికి చదువు.

మా అమ్మాయి ఫోటో, వీడియో బడివాళ్ళు స్టేటస్‌లో పెట్టారు, వద్దని చెప్పొచ్చా?

తప్పకుండా చెప్పొచ్చు, మొహమాటపడకండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు డిజిటల్‌గా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్నది సూత్రం. హెడ్మాస్టర్‌కి కాగితం మీద రాసిచ్చి తీసేయమనండి. బయటివాళ్ళెవరైనా ఆ ఫోటోలతో బెదిరించినా, ఆన్‌లైన్‌లో పాపని ఇబ్బంది పెట్టినా స్క్రీన్‌షాట్లు దాచుకుని చైల్డ్‌లైన్ 1098కి, సైబర్ నేరాలకైతే 1930కి ఫోన్ చెయ్యండి. పాపని మాత్రం తిట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు, అలా చేస్తే ఇంకోసారి మీకు చెప్పదు.

మా పాప పదో తరగతి మధ్యలో మానేసింది, ఇప్పుడు ఇంట్లో ఉండి దూరవిద్యలో చదవొచ్చా?

చదవొచ్చు. తెలంగాణలో ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఉంది, దేశం మొత్తానికి ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది, ఇది 1989లో మొదలైంది. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి 14 ఏళ్ళు నిండి ఉండాలి, తెలుగులో కూడా రాయొచ్చు. సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, ఒకేసారి అన్నీ రాయక్కర్లేదు, పాసైనవి అలాగే ఉంటాయి. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరొచ్చు, ఆ తర్వాత డిగ్రీ కూడా ఇంట్లోంచే కావాలంటే హైదరాబాద్‌లో 1982లో పెట్టిన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే.

ఫీజు నేరుగా వాళ్ళ వెబ్‌సైట్‌లో గానీ మీ దగ్గర్లో గుర్తింపు ఉన్న స్టడీ సెంటర్‌లో గానీ కట్టి రసీదు తీసుకోండి. "పరీక్ష రాయక్కర్లేదు, పాస్ గ్యారంటీ" అనే ఏజెంటుకి ఒక్క రూపాయి ఇవ్వకండి. అడ్మిషన్‌కి ఆధార్, పుట్టినతేదీ రుజువు, పాత బడి టీసీ దగ్గరుంచుకోండి, టీసీ కోసం పాప చదివిన బడికి వెళ్ళినప్పుడు అక్కడి టీచర్లతో ఒకసారి మాట్లాడండి, చాలామంది సాయంత్రాలు డౌట్లు చెప్పడానికి సంతోషంగా ఒప్పుకుంటారు.